రెండు నిమిషాలు ముందుగా

రెండు దాటి నాలుగు నిమిషాలైంది. లవీనా చేతికి గడియారం లేదు, పదకొండేళ్ళ కిందటే తీసి కారు సొరుగులో పడేసింది, అయినా తెలుస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అమెరికాలోని అయోవా పల్లె రోడ్ల మీద ఉత్తరాలు పంచిన మనిషికి టైము ఎముకల్లో ఉంటుంది, పొమ్మన్నా పోదు. గదిలో బెంచీలన్నీ నిండిపోయాయి. మామూలు ఆదివారం పద్దెనిమిది మంది కూచునే చోట ఈ శనివారం మధ్యాహ్నం నూరుమందికి తక్కువ లేరు, తడిసిన ఉన్ని కోట్ల వాసన, బూట్లకంటుకున్న మార్చి బురద. శవపెట్టె లేదు, పూలు లేవు, పాట లేదు. పాస్టరు అసలే లేడు, ఈ క్వేకర్లకి ఎప్పుడూ లేడు. అందరూ నోరు మూసుకుని కూచుంటారు, దేవుడు కదిపినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పి కూచుంటారు, గంటయ్యాక అందరికీ ఎదురుగా వేసిన బెంచీ మీది మనిషి పక్కవాళ్ళకి చెయ్యి అందిస్తే కూడిక ముగిసినట్టు. ఆ చెయ్యి అందించాల్సింది లవీనా. ఎల్వుడ్ పోయి మూడు వారాలైంది, అతన్ని తలుచుకునే ఈ కూడికకి ఇంకెవరినైనా పెట్టుకోండమ్మా అని ఫోనులో బతిమాలితే అతని భార్య తిర్సా ఒప్పుకోలేదు. "నువ్వే ఉండు, లవీనా. ఈ ఇరవై ఏళ్ళూ ఆయన కూచున్న కూడికలన్నీ ముగించింది నువ్వే కదా" అంది. ఆ 'అన్నీ' అన్న మాట పది రోజులుగా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

చెప్పాలి. ఈ గంటలోనే చెప్పాలి. సోమవారం పొద్దున తిర్సా సామాను లారీకెక్కించుకుని కాన్సస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది, మళ్ళీ ఈ గడప తొక్కుతుందో లేదో. పోనీ రేపు ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతూ చెవిలో చెప్పేస్తే? ఛీ, మళ్ళీ దొంగదారి. పదిమంది మధ్య చేసిన పని పదిమంది మధ్యే ఒప్పుకోవాలి, చేసిన చోటే, అదే బెంచీ మీంచి లేచి నేను చూశాను అనాలి. రెండే మాటలు. కవరు మీద రాసే అడ్రసు కంటే చిన్నవి. ఆ రెండు మాటల కోసం పదకొండేళ్ళుగా కాళ్ళు లేవట్లేదు. మొదటి బెంచీ మీద తిర్సా గోధుమరంగు కోటు విప్పకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఎంత నెమ్మదైన మొహం! ఏమీ తెలియని మొహం. ఎలా తెలుస్తుంది? ఆ రోజు తిర్సా తలొంచుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఎదురు బెంచీ మీద లవీనా పక్కనున్న హ్యాడ్లీ ఎప్పటిలాగే కునికిపాట్లు పడుతున్నాడు. చూసింది లవీనా ఒక్కతే. మరి ఎల్వుడ్? తను చూడటం అతను చూశాడా? కిటికీ వెలుతురు పడి అతని కళ్ళద్దాలు తెల్లగా మెరిశాయి, వెనకాల కళ్ళు కనిపించలేదు, అంచేత అతనికీ తన చూపు ఆనలేదేమో. ఈ 'ఏమో'ని పట్టుకునే ఇన్నాళ్ళూ వేళ్ళాడింది.

హ్యాడ్లీ ముక్కులోంచి సన్నగా ఈల. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఎదురు బెంచీ మీద కూచుంటే చాలు నిద్ర ముంచుకొస్తుంది, అడిగితే "ధ్యానం" అంటాడు. లవీనాని ఈ పనికి పెట్టిందీ హ్యాడ్లీయే. ఇరవై ఏళ్ళ కిందట, "మనలో టైము ఎరిగిన మనిషి నువ్వొక్కదానివే, నువ్వు ముగించు" అన్నాడు. నిజమే, ఎరిగిన మనిషే. స్టీరింగు ఎడమపక్కనుండే కారులో కుడిపక్క సీట్లో కూచుని, ఎడమకాలు అడ్డంగా చాపి పెడళ్ళు తొక్కుతూ, ఎడమచేత్తో స్టీరింగు, కుడిచేత్తో రోడ్డు పక్కనుండే ఉత్తరాల పెట్టెలు, నాలుగొందల పన్నెండు పెట్టెలు, వానైనా మంచైనా. "లవీనా కారొచ్చింది, అన్నం పెట్టు" అనుకునేవాళ్ళు ఇళ్ళల్లో. ఎంత గర్వం తనకి! కుక్కలు కూడా తనని చూసే లేచేవి. ఎవరైనా కారాపి కబుర్లు పెట్టుకుంటే ఒళ్ళు మండిపోయేది, నోటితో నవ్వుతూనే కాలు పెడలు మీదకి పోయేది. పిల్లాడికి బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్పించలేదు, తనే కట్టేసేది, వాడు నేర్చుకునే లోపల తెల్లారుతుందని. ఇక కూడిక అప్పజెప్పాక అడగాలా? పదకొండున్నరంటే పదకొండున్నరే, సెకను ముల్లు పైకి రాగానే చెయ్యి. దేవుడికి కూడా తను ఇచ్చింది ఒక్క గంటే, అరవై ఒకటో నిమిషం ఆయన వేరేచోట చూసుకోవాలి.

పదకొండేళ్ళ కిందటి అక్టోబరు. మొక్కజొన్న కోతలు, ఊరంతా దుమ్ము, యంత్రాలు ఆదివారం కూడా ఆగడం లేదు. అంతకు ముందు వారమే కొడుకు డేల్ ఫోను: "అమ్మా, ఆదివారం పన్నెండింటికి నేను చేసుకోబోయే అమ్మాయి అమ్మానాన్నా భోజనానికొస్తున్నారు. కాస్త మంచిగా ఉండవే." కాస్త మంచిగా ఉండటమేమిటి, తను ఎప్పుడు చెడ్డగా ఉంది కనక? పొద్దున్నే పంది మాంసం ఓవెన్‌లో పెట్టింది, పన్నెండింటికి దించితే మెత్తగా, పావుగంట దాటితే చెప్పుతోలు. పదకొండున్నరకి ముగింపు, నలభైకి కారు, యాభై రెండుకి ఇల్లు, గ్రేవీకి ఎనిమిది నిమిషాలు. అలా లెక్కేసుకుంటూ కూచుంది దేవుడి సన్నిధిలో. పదకొండూ ఇరవై ఎనిమిది. వెనకనుంచి మూడో బెంచీ. ముందు చేతులు కనిపించాయి, గ్రీజు వదలని గోళ్ళు, ముందు బెంచీ వీపుని పట్టుకున్న రెండు పెద్ద చేతులు. ఆ తర్వాత భుజాలు. బావుల మీద పంపులు బాగుచేసే ఎల్వుడ్, నలభై ఏళ్ళలో ఒక్కసారీ లేవని ఎల్వుడ్ లేస్తున్నాడు. పుట్టునత్తి. ఉప్పందించమని అడిగేలోపల తినడం అయిపోతుందని ఆ మొగుడూ పెళ్ళాలే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. కొట్లో ఏం కావాలన్నా చీటీ రాసిచ్చేవాడు. అలాంటివాడు పద్దెనిమిది మంది ముందు, దేవుడిచ్చిన మాట పట్టుకుని లేస్తున్నాడు. సగం లేచాడు. దవడ కదిలింది. గొంతులోంచి చప్పుడు, మోటారు అందుకోబోయి అందుకోనట్టు. లవీనా చూసింది. చూసింది, సూటిగా మొహంలోకే చూసింది. అప్పుడు మనసులోకి ఏమొచ్చింది? "ఇప్పుడా? ఇతను మొదలెడితే పావుగంట" అని వచ్చింది. అంతే వచ్చింది, ప్రభువా, ఇంకేమీ రాలేదు. చెయ్యి దానంతటదే హ్యాడ్లీ వైపు వెళ్ళింది. దానంతటదే! అదిగో, మళ్ళీ అబద్ధం. చెయ్యి దానంతటదే ఎక్కడికీ వెళ్ళదు, తనే చాచింది. హ్యాడ్లీ ఉలిక్కిపడి లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు, పక్కవాళ్ళు పక్కవాళ్ళకి చేతులిచ్చుకున్నారు, బెంచీలు కిర్రుమన్నాయి. చెయ్యి కలిసిందంటే అయిపోయినట్టే, ఆ తర్వాత దేవదూతొచ్చినా మాట్లాడటానికి లేదు. ఎల్వుడ్ అలా వంగి నిలబడిపోయాడు, కింద ఏదో పారేసుకున్నవాడిలా. పక్కనున్నాయన అటు తిరిగి చెయ్యి చాస్తే దాన్ని పట్టుకుని ఊపి, నవ్వి, కూచున్నాడు.

ఆ నవ్వు. దాన్ని మరిచిపోయేందుకు ఎన్ని చేసింది! ఇంటికెళ్ళింది, గ్రేవీ చేసింది. వాళ్ళు పన్నెండూ నలభైకి వచ్చారు, దారి తప్పారట. మాంసం ఎండిపోనే పోయింది. ఆ పిల్ల తండ్రికి డాక్టరు మాంసం మానమన్నాడట, బంగాళదుంపలు తిని, "భలేగా ఉన్నాయండీ" అని మూతి తుడుచుకుని వెళ్ళాడు. ఇందుకోసమా? సోమవారం ఉత్తరాలతో వెళ్తే ఎల్వుడ్ తన పెట్టె దగ్గరే నిలబడి ఉన్నాడు, కంచె మీద మోచేతులు ఆనించి. అప్పుడైనా నిజం చెప్పచ్చు. కారు అద్దం దించి, "ఎల్వుడ్, నిన్న నువ్వు లేవబోయావటగా, ఎవరో అన్నారు. నేను చూడలేదయ్యా, చూసుంటే ఆపేదాన్ని" అంది. ఎంత నున్నగా వచ్చింది ఆ అబద్ధం, ఒక్క అక్షరం తడబడలేదు. నత్తి ఉన్నవాడి ముందు. అతను నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "ప... ప... పరవాలేదు, లవీనా. ద... దే... దేవుడిచ్చిందైతే మ... మళ్ళీ ఇస్తాడు." ఆ ఒక్క ముక్క అయ్యేదాకా ఇంజను నడుస్తూనే ఉంది, కాలు పెడలు మీదే ఉంది, తర్వాతి ఇల్లు ఆలస్యమైపోతోందని లోపల గోల. సిగ్గులేదూ! ఆ రోజు సాయంత్రమే గడియారం తీసేసింది, అదేదో గడియారం చేసిన పాపమైనట్టు.

వెనక బెంచీల్లో ఎవరో లేచారు. డ్వేన్, పందుల ఫారం కుర్రాడు, కుర్రాడేమిటి నలభై ఐదు దాటాయి. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. "నేను మీవాణ్ణి కాదు, మీ పద్ధతులు నాకు తెలియవు, తప్పైతే ఏమనుకోకండి. ఒక జనవరిలో నా బావి పంపు గడ్డకట్టుకుపోయింది. సున్నాకి ఇరవై కింద. నాలుగొందల పందులు నీళ్ళకోసం ఒకటే అరుపు. నేను నోటికొచ్చినట్టు తిడుతున్నాను, పందుల్ని, పంపుని, ఈయన్ని కూడా. ఈయన ఒక్క మాట అనకుండా మూడు గంటలు ఆ గోతిలో బోర్లా పడుకుని పనిచేశాడు. లేచాక 'ఇ... ఇప్పుడు నొక్కు' అన్నాడు. నొక్కితే నీళ్ళొచ్చాయి. నేనలాంటి మనిషిని మళ్ళీ చూడను. అంతేనండీ." గబుక్కున కూచున్నాడు. తిర్సా భుజాలు కదిలాయి, నవ్వో ఏడుపో ఇక్కణ్ణించి తెలియడం లేదు. రెండూ ఇరవై ఐదు. ఎంత హాయిగా లేచాడు, ఎంత హాయిగా కూచున్నాడు! వాడికేం, చెప్పేది మంచి. నా దగ్గరున్నది అలాంటిదా? అందరూ తలో పువ్వూ తెచ్చిన చోట నేను బురద తెచ్చి పెట్టాలి. పెడితే తిర్సా మనసేమవుతుంది? మొగుడు పోయి మూడు వారాలు, ఇప్పుడు ఈ గాయం కూడానా? చూశారా, ఎంత దయగల మనిషో లవీనా, ఎప్పుడూ ఎదుటివాళ్ళ మనసు గురించే ఆలోచిస్తుంది, ముఖ్యంగా తన తోలు కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు.

ఆ అబద్ధం చెప్పాక వచ్చిన ఆదివారం పదకొండున్నరకి ముగించలేదు. చేతులు ఒళ్ళో బిగించుకుని మూడో బెంచీ వైపు చూస్తూ కూచుంది. లే, ఎల్వుడ్, లే. ప్రభువా, లేపు అతన్ని, నేను ఆగుతున్నాను కదా, నువ్వేం చేస్తున్నావు అక్కడ? ఐదు నిమిషాలు. అతను లేవలేదు. పై వారం ఏడు. ఆ పై వారం పది. ఒక జనవరిలో ఇరవై రెండు నిమిషాలు ఆపింది, పిల్లలు బెంచీల కింద దొర్లుతున్నారు, అవతల గదిలో సూపు అడుగంటి వాసనొచ్చింది. "లవీనా, గడియారం పోయిందా, మతి పోయిందా?" అని ఆడవాళ్ళు. "దేవుడి ఆత్మ కంటే ముందు నా కడుపు కదులుతోందే తల్లీ" అని హ్యాడ్లీ. అనుకోనీ. ఆగడం ఎంత కష్టమో ఎవరికి తెలుసు? మొదట్లో ఒళ్ళంతా చీమలు పాకేవి, మోకాళ్ళు వాటంతటవే ఆడేవి. ఊపిరి లెక్కపెట్టింది, పెట్టెల నంబర్లు లెక్కపెట్టింది, నాలుగొందల పన్నెండూ వరసగా, ప్రతి ఇంటికీ ఒక ప్రార్థన. రెండో ఏటికి లెక్క మానేసింది. మూడో ఏటికి లేపు, లేపు అని దేవుణ్ణి తరమడం మానేసింది. ఎప్పుడో ఒక శీతాకాలం నిశ్శబ్దం దానంతటదే దిగి వచ్చి కూచుంది లోపల, పాత పిల్లి వచ్చి ఒళ్ళో పడుకున్నట్టు. ప్రతి ఆదివారం ఆ మూడో బెంచీ మీద ఎల్వుడ్. వానొచ్చినా మంచొచ్చినా పది నిమిషాలు ముందే వచ్చి కూచునేవాడు. ఒక్కోసారి తను కళ్ళెత్తితే అతను తనవైపే చూస్తూ ఉండేవాడు. ఇంకా ముగించవేమని అడుగుతున్నాడు కాబోలు అనుకుని, ఇవాళ లేస్తాడేమోనన్న ఆశతో ఇంకో ఐదు నిమిషాలు ఆపేది. లేవలేదు. పదకొండేళ్ళూ లేవలేదు. తన ముందు మళ్ళీ నోరు తెరవడానికి ధైర్యం చాలలేదు పాపం, ఆ ధైర్యాన్ని నేనే చంపేశాను.

అందరూ దాన్ని ఓర్పు అన్నారు. అదీ అసలు శిక్ష. ఆరేళ్ళ కిందట బయటి కూడికలనుంచి ముగ్గురు పెద్దలొచ్చి, నాలుగు ఆదివారాలు కూచుని, వెళ్ళాక ఉత్తరం రాశారు. హ్యాడ్లీ లేచి అందరికీ చదివాడు: ఇక్కడ కాలాన్ని తొందరపెట్టని చేతులున్నాయి, సోదరి లవీనా ఓర్పు మాకు పాఠమైంది. అందరి తలలూ ఇటు తిరిగాయి. చెవులు భగ్గుమన్నాయి. ఎల్వుడ్ అక్కడే ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు. అప్పుడైనా లేవాల్సింది. లేచి, ఆ ఉత్తరం చింపండి అనాల్సింది. లేవకపోగా, "అయ్యో, నాదేముంది, అంతా దేవుడిదే" అంది. వినయం కూడా ఒలకబోసింది, పైగా! ఇక వెండెల్... మొగుడు వెండెల్ సంగతి తలుచుకుంటే ఇంకా అన్యాయం. వణుకుడు జబ్బొచ్చి ఆయన చేతులు పట్టుతప్పాక నాలుగేళ్ళు చొక్కా బొత్తాలు ఆయన్నే పెట్టుకోనిచ్చింది, ఒక్కో బొత్తానికీ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, పక్కన మంచం మీద కూచుని, చెయ్యి అడ్డం పెట్టకుండా. ఒకరోజు ఆఖరి బొత్తాం పెట్టుకుని ఆయన అన్నాడు, "పెళ్ళైన కొత్తలో నా ప్లేటు లాక్కుని నువ్వే ముక్కలు కోసేదానివి, గుర్తుందా? ఎవరు మార్చారే నిన్ను?" 'ఎల్వుడ్' అని జవాబు చెప్పాలి. అక్కడ ఇంకెవరూ లేరు, మొగుడూ తనూ, అంత తేలిగ్గా చెప్పే వేళ మళ్ళీ దొరకదు. "ముసలితనం" అంది. ఆయన నవ్వాడు. ఆ నిజం తెలియకుండానే పోయాడు. ఓర్పు దొంగదని కాదు. వచ్చింది, నిజంగానే వచ్చింది, దేవుడు నా తప్పులోంచే తవ్వి తీశాడు దాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. అది ఎవరి వల్ల వచ్చిందో ఒక్కరికీ చెప్పలేదు. ఒక మనిషి దగ్గర తీసుకున్న దానితో నేను పేరు తెచ్చుకున్నాను.

ఎవరో పాపాయి ఏడుస్తోంది, తల్లి ఎత్తుకుని వరండాలోకి వెళ్ళింది. రెండూ యాభై. ఎల్వుడ్ మేనకోడలు లేచి, చిన్నప్పుడు మామయ్య తనకి సైకిలు నేర్పిన సంగతి చెప్పి సగంలో ఏడ్చి కూచుంది. ఎప్పుడు లేవాలో ఎలా తెలుస్తుందని చిన్నప్పుడు అమ్మని అడిగితే, "కూచోగలిగినంతసేపు కూచో. ఇక కూచోలేకపోతే అప్పుడు లే, అప్పుడు లేపేది ఆయన" అంది. అమ్మా, నీ మాటని ఎంత బాగా వాడుకున్నానో చూశావా? ప్రతి ఆదివారం గుండె దడదడలాడేది, ప్రతి ఆదివారం ఇంకా కూచోగలను అనుకునేదాన్ని, ఇంకా కూచోగలను, ఇది దేవుడు కదపడం కాదు, నా మనసు బరువు దించుకోవాలన్న స్వార్థం అనుకునేదాన్ని. కూచోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. మూడు. మూడయింది. గదిలో కొత్తవాళ్ళు కదులుతున్నారు, బూట్లు చప్పుడవుతున్నాయి, గంట అన్నారుగా అన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. మూడూ ఐదు. మూడూ ఎనిమిది. హ్యాడ్లీ మెలకువ తెచ్చుకుని తనవైపు ఒరిగాడు. ఆయనకి చెవుడు, చెవిటివాళ్ళ గుసగుస సగం గదికి వినిపిస్తుంది. "లవీనా, మూడు దాటింది. ఎవరికోసం ఆపావు?"

ఎవరికోసం? అలవాటుగా కళ్ళు మూడో బెంచీ వైపు వెళ్ళాయి. అక్కడ ఎవరో ఎర్ర జుట్టమ్మాయి, వాళ్ళ నాన్న, వాళ్ళ పక్కన డ్వేన్. ఎల్వుడ్ లేడు. లేడు కదా. మూడు వారాల కిందట పంపుల షెడ్డులో రెంచి చేతిలో ఉండగానే పడిపోయాడు. ఇక లేవడు. లవీనా ఎంతసేపు ఆపినా, పొద్దుగూకేదాకా ఆపినా, లేవడు. పదకొండేళ్ళు అతని కోసమని చెప్పుకుని ఆపిన నిమిషాలన్నీ ఇవాళ ఎవరికోసమూ కాకుండా పోయాయి. ఈ గదిలో మాట మింగి కూచున్న మనిషి ఒక్కతే మిగిలింది. అయ్యో, అయ్యో. ఇక కూచోలేకపోయింది. ముందు బెంచీ లేదు పట్టుకోవడానికి, ఎదురు బెంచీ వాళ్ళకి ముందు ఏమీ ఉండదు, హ్యాడ్లీ భుజం పట్టుకుని లేచింది.

"పదకొండేళ్ళ కిందట అక్టోబరులో ఎల్వుడ్ ఈ గదిలో మాట్లాడదామని లేచాడు" అంది లవీనా. "నేను చూశాను. మొహంలోకే చూశాను. చూసి, రెండు నిమిషాలు ముందుగా కూడిక ముగించాను. ఓవెన్‌లో మాంసం ఉందని. అతనికి నత్తి కదా, ఆలస్యమైపోతుందని. మర్నాడు అతని పెట్టె దగ్గరే చూడలేదని అబద్ధం చెప్పాను. అప్పణ్ణించీ ప్రతివారం అతనికోసం ఆపుతున్నాను, మీరు దాన్ని ఓర్పు అన్నారు, నేను అననిచ్చాను. తిర్సా, క్షమించమని నిన్నడుగుతున్నాను. అతన్ని అడగాల్సింది. అడగలేదు." కూచుంది.

ఒకరు చెప్పినదానికి మరొకరు జవాబివ్వడం ఈ కూడికల్లో లేదు, ఎవరి మాట వాళ్ళతో ఉండిపోవాల్సిందే. తేలికవుతుందనుకుంది. కాలేదు. అంతమంది విన్నారు, వినాల్సినవాడు వినలేదు, అదొక్కటే లోపల తిరుగుతోంది. నిశ్శబ్దం కొంతసేపు ఉంది, ఎంతసేపో మొదటిసారి లవీనాకి తెలియలేదు. చివరికి హ్యాడ్లీ వైపు చెయ్యి చాచింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని, తనకి మామూలైన అరుపు గొంతుతో, "నేను నిద్రపోయానే ఆ రోజు. నాదీ ఉంది ఇందులో" అన్నాడు. బెంచీలు కదిలాయి, జనం లేచారు, కొందరు తనవైపు చూసి తలూపారు, కొందరు చూడకుండా భోజనాల గదిలోకి వెళ్ళారు. తిర్సా లేవలేదు. పక్కనున్న ఖాళీ చోటు మీద అరచేత్తో తట్టింది. "ఇలా రా. కూచో."

లవీనా వెళ్ళి కూచుంది. మొహం వంక చూడలేక తన చేతులు చూసుకుంది. "ఆ రోజు అతనేం చెప్పబోయాడో నీకు తెలుసా?"

"తెలియదు. ఎన్నిసార్లడిగానో. కూడిక కోసం ఇచ్చిన మాటని వంటింట్లో ఖర్చుపెట్టనన్నాడు." తిర్సా కోటు బొత్తాం ఒకటి విప్పింది. "నువ్వు చూశావని మాత్రం చెప్పాడు. ఆ రోజే, కారెక్కగానే."

లవీనా తలెత్తింది. "తెలుసా అతనికి? మొదటినుంచీ?"

"కళ్ళల్లోకి చూసిందే అన్నాడు. నాకు ఒళ్ళు మండి నీ ఇంటిమీదకొద్దామనుకున్నాను, రానివ్వలేదు. ఆవిడే చెబుతుంది, చెప్పేదాకా ఆగుదాం అన్నాడు. ప్రతి ఆదివారం బయల్దేరేటప్పుడు, 'ఇ... ఇవాళ లవీనా లేస్తుందేమో' అనేవాడు. తిరిగొచ్చేటప్పుడు, 'పాపం, ఇంకా మోస్తూనే ఉంది' అనేవాడు. పోయే ముందు ఆదివారం కూడా అన్నాడు."

"నేను అతనికోసం ఆపానే!" అంది లవీనా. "అతను లేస్తాడని ఆపానే, తిర్సా, అన్నేళ్ళూ!"

"నువ్వు ఆయనకోసం ఆపావు, ఆయన నీకోసం కూచున్నాడు. మీ ఇద్దరూ కలిసి మా అందరికీ పదకొండేళ్ళు అన్నం ఆలస్యం చేశారు" అంది తిర్సా. కోటు ఇంకో బొత్తాం విప్పుతూ మళ్ళీ అంది, "ఓ నెల ముందు లేచి ఉంటే బాగుండేదే, లవీనా. ఎంత సంతోషపడేవాడో."

లవీనాకి ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే తిరగబడింది. తిర్సా భుజం మీద మొహం పెట్టుకుని, ముసలి ఒళ్ళంతా కదిలిపోయేలా, చప్పుడు చేస్తూ ఏడ్చింది. తిర్సా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. అవతల గదిలో గిన్నెల మూతలు తీస్తున్నారు, కాఫీ వాసన వస్తోంది. చల్లారిపోతున్నాయి రండి అని ఎవరూ పిలవలేదు, వాళ్ళందరికీ ఆగడం బాగా అలవాటైపోయింది.